పలకకు ముందు పితికిపప్పు

(బెంగళూరులో కె.ఆర్. పురం వైపు ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, ఆదివారం పొద్దున, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలున్న తెలుగు కుటుంబాల కోసం ఒక ప్రీస్కూల్ టీచరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ముందు ఆ గిన్నెలు అందరి దాకా వచ్చాయా? వెనక వరుసకి? ఆ స్తంభం పక్కన కూర్చున్న బాబాయిగారికి ఒకటి అందించమ్మా. ఏముందో చూశారుగా, అనపగింజలు. రాత్రి నానబెట్టాను. ఇది సీజను, ఈ ఊళ్ళో ఏ సందు మొగలో చూసినా అవరేకాయి కుప్పలే. ఇక్కడివాళ్ళు హితికిద బేళె అంటారు. మా చిత్తూరు వైపు పితికిపప్పు, అంటే నానిన గింజని వేళ్ళతో నొక్కి తొక్కలోంచి తీసిన పప్పు. గోదావరి జిల్లాల వాళ్ళకి తెలియకపోతే పక్కవాళ్ళని అడగండి, నేర్పుతారు. నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు పితుకుతూ ఉండండి. ఊరికే కూర్చుని వినడం దేనికి?

పిల్లల రాత గురించి చెప్పమని పిలిచారు నన్ను. పిలిచినావిడ ఫోన్లో అడిగిన మొదటి మాట ఏంటంటే, "మేడమ్, మా వాడికి మూడున్నర నిండింది. పెన్సిల్ చేతికిస్తే విసిరేస్తున్నాడు, ఏం చెయ్యమంటారు?" అని. నేను అనపకాయలు రెండు కిలోలు కొనమన్నాను. ఆవిడ నవ్వింది. నేను మాత్రం జోకు కోసం అనలేదు.

ఒక్క నిమిషం మీ చేతివైపు మీరే చూసుకోండి. గింజని ఎట్లా పట్టుకున్నారు? బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఇంకోవైపు, మధ్యవేలు కింద ఆసరా. మిగతా రెండు వేళ్ళు ఏం చేస్తున్నాయి? అరచేతిలోకి ముడుచుకుని కూర్చున్నాయి. నొక్కారు, పప్పు జారి గిన్నెలో పడింది, తొక్క వేళ్ళ మధ్య మిగిలింది. గట్టిగా నొక్కితే ఎగిరి పక్కావిడ చీర మీద పడుతుంది, ఇప్పుడే పడింది కూడా, చూశాను. మెల్లగా నొక్కితే అసలు రాదు. ఇప్పుడు గింజ తీసేసి అక్కడ పెన్సిల్ ఉందనుకోండి. వేళ్ళని ఏమన్నా మార్చాల్సి వచ్చిందా? రాలేదు కదా. ఆ పట్టు, ఎంత నొక్కాలో అంతే నొక్కే ఆ అంచనా, పెన్సిల్‌కి కావలసింది ఆ రెండే. మా అవ్వకి ఒక్క అక్షరం రాదు. కానీ చలికాలం వస్తే మమ్మల్ని ఐదారుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని శేరు గింజలు పితికించేది. మా చేతులు బడికి తయారైంది ఆ చాటల దగ్గరే.

ఇప్పుడు మీ పిల్లల చేతులకి ఏం పని ఉంది, చెప్పండి? బఠాణీ ఫ్రిజ్‌లోంచి వస్తుంది. పల్లీలు ఒలిచినవి వస్తాయి. బూట్లకి లేసులు లేవు, వెల్క్రో. చొక్కాకి గుండీలు లేవు, టీషర్టు. అన్నం మనమే కలిపి, మనమే పెడతాం. వాడు వేలితో చేసే పని ఒక్కటే, ఫోన్ మీద ఇట్లా జరపడం. అద్దం మీద వేలు జారుతుంది, ఎక్కడా ఎదురు రాదు. ఎదురు లేని చోట కండకి పనేముంది? అట్లా మూడున్నరేళ్ళు గడిపిన చేతిలో ఒక రోజు పొద్దున్నే పెన్సిల్ పెట్టి, రెండు గీతల మధ్యన రాయి నాన్నా అంటాం. వాడు విసిరేస్తాడు. నేనైనా విసిరేస్తాను.

చేయి లోపల ఏముందో కూడా కాస్త చెబుతాను. పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న చిన్న ఎముకలుంటాయి. పుట్టిన పాప మణికట్టుకి ఎక్స్‌రే తీస్తే అవి దాదాపు కనబడవు. అప్పటికి అదంతా ఇంకా మెత్తటి మృదులాస్థి. ఒక్కొక్కటిగా ఎముక కడుతుంది. మూడేళ్ళకి మూడో నాలుగో. చివరిది తయారయ్యేసరికి తొమ్మిది పదేళ్ళు వస్తాయి. మెత్తగా ఉంది కదా, అసలు పని చెప్పకూడదని కాదు దీని అర్థం. పని చెప్పాలి, కానీ కూర్చోబెట్టి పేజీలు పేజీలు రాయించే పని కాదు.

పట్టు కూడా మెట్లు మెట్లుగా వస్తుంది. ఏడాదిన్నర వాడికి క్రేయాన్ ఇవ్వండి, గరిటె పట్టినట్టు పిడికిలితో పట్టుకుంటాడు, చేయి మొత్తం భుజం దగ్గర్నుంచి ఊగుతుంది. రెండు మూడేళ్ళ మధ్య వేళ్ళన్నీ కిందికి చూపిస్తూ పట్టుకుంటాడు, మోచేయి కదులుతుంది. మూడున్నర నాలుగుకి మూడువేళ్ళ పట్టు వస్తుంది, కానీ వేళ్ళు కదలవు, మణికట్టు కదులుతుంది. నాలుగున్నర, ఐదు, ఆరు, ఆ మధ్యలో ఎప్పుడో వేళ్ళు కదలడం మొదలవుతుంది. భుజం, మోచేయి, మణికట్టు, వేళ్ళు, పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది. అందుకే ప్లే ఏరియాలో కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే "దిగరా, పోయి రాసుకో" అనకండి. వాడు చేస్తున్నది రాతపనే.

ఈ విషయంలో నేనేమీ మహానుభావురాలిని కాదు. ఇరవై రెండేళ్ళ కిందట, ఒక బడిలో, పేరెందుకులెండి, నాకు మొదటి ఉద్యోగం. ఎల్‌కేజీ. స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, స్లాంటింగ్ లైన్. ఆ పేర్లు మీ పిల్లల డైరీల్లో ఇప్పటికీ ఉన్నాయి, నాకు తెలుసు. రోజుకి నాలుగు పేజీలు రాయించాలి. నేను రాయించాను. నా క్లాసులో ఒక పాప రోజూ పెన్సిల్ ముక్కు విరగ్గొట్టేది. రోజూ! విరగ్గానే నా దగ్గరికి తెచ్చేది. నేను చెక్కి ఇచ్చేదాన్ని. మళ్ళీ పావుగంటకి విరిగేది. ఎంత పొగరు ఈ పిల్లకి అనుకున్నాను. వాళ్ళమ్మతో కూడా అన్నాను. ఆ ఏడాది చివర్లో ఒక రోజు చెక్కుతూ చూశాను, ఆ పిల్ల నా బల్ల పక్కన నిలబడి కుడిచేతిని ఎడమచేత్తో పిసుక్కుంటోంది. చెక్కడానికి నాకు పట్టే రెండు నిమిషాలే ఆ పిల్లకి విశ్రాంతి. అది దొరకడానికి నాలుగేళ్ళ పిల్ల కనిపెట్టిన ఉపాయం అది. నాకు అర్థమయ్యేసరికి మార్చి వచ్చేసింది.

అయితే చేతి సంగతి సగమే. సగం కంటే తక్కువేనేమో కూడా. అసలు సగం ఇంకోటుంది. వాడికి రాయడానికి ఏముంది?

మా క్లాసులో ఒక బాబు, మూడున్నరేళ్ళు, ఒక కాగితం తెచ్చి నాకు చూపించాడు. ఇదుగో, ఇదే, దాచుకున్నాను. వెనకవాళ్ళకి కనబడదులెండి, చెబుతాను. ఎడమ నుంచి కుడికి ఒక వంకర గీత, పాము పాకినట్టు. దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి, కాస్త పొట్టిది. మొత్తం ఐదు. అక్షరం ఒక్కటి లేదు. ఏంటి నాన్నా ఇది అంటే, "లిస్టు" అన్నాడు. చదువు అన్నాను. వేలు పెట్టి చదివాడు: "పాలు. ఎగ్గు. టమాటా. నాన్న చెప్పులు. చాక్లెట్." ఐదు గీతలు, ఐదు సరుకులు. పొట్టి గీత ఏది అంటే, ఎగ్గు.

ఈ కాగితంలో ఏముందో చూడండి. రాత ఎడమ నుంచి కుడికి పోతుందని వాడికి తెలుసు. ఒక వరుస అయ్యాక కిందికి రావాలని తెలుసు. లిస్టు అంటే ఒకదాని కింద ఒకటని తెలుసు. నోట్లో మాట పోతుంది, కాగితం మీద గీత ఉంటుంది, రేపు అడిగినా అదే చెప్పాలని తెలుసు. మర్నాడు అడిగాను కూడా. చాక్లెట్ రెండయ్యాయి, మిగతావి అవే. పొట్టి మాటకి పొట్టి గీత అని కూడా అనిపించిందేమో, ఆ ఒక్కటి గట్టిగా చెప్పలేను. ఇంత తెలిసినవాడి గురించి వాళ్ళమ్మ నాతో ఏమన్నదో తెలుసా? "వాడికింకా ఏమీ రాయడం రాదండి, పిచ్చిగీతలు గీస్తాడు" అని.

పిచ్చిగీతలు అనే మాట మనం మానెయ్యాలి. నేను మానేశాను. మా ఆయా ఇంకా అంటుంది.

వాడికి ఆ లిస్టు ఎక్కణ్ణుంచి వచ్చింది? వాళ్ళ నాయనమ్మ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తుందట. ఆవిడ రాస్తుంటే చూశాడు. అమ్మా నాన్నా ఏం చేస్తారు? ఫోన్లో యాప్ తెరిచి రెండుసార్లు నొక్కుతారు, పది నిమిషాల్లో సంచీ గుమ్మం ముందుంటుంది. మీరు రాయడం మీ పిల్లలు ఆఖరిసారి ఎప్పుడు చూశారు? ఎవరైనా చెప్పండి. ఆ... ఒక చెయ్యి. మీరేం రాశారమ్మా? పాలవాడి లెక్కా? చాలా మంచిది. నేను మిమ్మల్ని నోటుపుస్తకాలు కొనమనడం లేదు. ఇంట్లో వారానికి రెండుసార్లు, వాడు చూస్తుండగా, పనికొచ్చేది ఏదైనా కాగితం మీద రాయండి, చాలు. సరుకుల లిస్టు. పప్పుడబ్బా మీద పేరు. "అవ్వా, పండక్కి వస్తున్నాం" అని ఒక ముక్క. రాస్తూ పైకి చదవండి. కింద వాడినీ ఏదో ఒకటి గియ్యమనండి, వాడి సంతకం అది.

తెలుగు అక్షరం సంగతి

మనం అక్షరాభ్యాసం చేస్తాం. కొందరు బాసర వెళతారు, ఇక్కడున్నాం కాబట్టి చాలామంది శృంగేరి వెళతారు, కొందరు ఇంట్లోనే. పళ్ళెంలో బియ్యం పోసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేలు పట్టి ఓం నమః శివాయ రాయిస్తారు. ఓనామాలు అనే మాట అక్కణ్ణుంచే వచ్చింది. భక్తి పక్కన పెట్టి కాసేపు టీచరు కళ్ళతో చూడండి దాన్ని. పెన్సిల్ లేదు, వేలు. బియ్యం గరుకుగా వేలికి ఎదురొస్తుంది. పళ్ళెం పెద్దది, గీతల హద్దు లేదు. తప్పు పోతే అరచేత్తో తుడిచేస్తే పోతుంది. వెనక పెద్దవాళ్ళ ఒడి. ఇంతకంటే మంచి మొదటి పాఠం నేను తయారుచెయ్యలేను. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పిల్లల ఇల్లు తెరిచి, గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, పిల్లల చేత వాటి మీద వేళ్ళు తిప్పించింది. ఆవిడే 1939లో మన మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఆవిడ గరుకు కాగితం, మన బియ్యం, పని ఒక్కటే.

మరి మనం చేసే తప్పేంటి? ఆ పళ్ళెం ఒక్కరోజుతో అయిపోతుంది. ఫోటోలు తీసుకుంటాం, మర్నాడు బియ్యం పొంగలికి పోతాయి, వాడి చేతికి నాలుగు గీతల కాపీబుక్ వస్తుంది. ఆ పళ్ళేన్ని ఏడాదిపాటు వాడండయ్యా! బియ్యం వద్దంటే రవ్వ పొయ్యండి, ముగ్గుపిండి పొయ్యండి, ఇసుక పొయ్యండి.

ఇంకో తప్పు. బియ్యంలో ఓంకారం అయ్యాక అ ఆ లు మొదలుపెడతాం. చదవడానికి కాదు, పాడుకోవడానికి కాదు, రాయడానికి. అ గాలిలో రాసి చూడండి ఒకసారి. ఎన్ని మలుపులు తిరిగారు? ఆ పైన ఇ. ఆ పైన ఋ! మూడున్నరేళ్ళ వాడికి ఋ ఎందుకండీ? మన వర్ణమాల గొప్పది, క గొంతులో మొదలై ప పెదవుల దగ్గర తేలుతుంది, శాస్త్రం ప్రకారం పేర్చారు. కానీ అది నోటి వరుస, చేతి వరుస కాదు. చేతి వరుస వేరే ఉంది.

చేతి వరుస ఏంటంటే, పిల్లలు రెండేళ్ళ ప్రాంతంలో నిలువు గీత చూసి గీస్తారు, కాస్త తర్వాత అడ్డగీత, మూడేళ్ళకి సున్న, నాలుగు దగ్గర పడుతుంటే కూడిక గుర్తు, నాలుగు, నాలుగున్నరకి చతురస్రం, ఐదు దాటాక త్రిభుజం. ఐదారు నెలలు అటూ ఇటూ. ఇప్పుడు ఇంగ్లీషు పెద్ద ఏ చూడండి, ఏటవాలు గీతలు, త్రిభుజం లాంటిది. అది కష్టం. మన అక్షరాల్లో నిలువు గీత దాదాపు కనబడదు. తాటాకు మీద గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి గుండ్రంగా తిరిగాయంటారు. ఏదైతేనేం, మనకి సున్నే ప్రాణం. మూడేళ్ళకే చేతికి వచ్చే ఆకారం మీద మన లిపి మొత్తం నిలబడి ఉంది. ఇది మనకి దొరికిన అదృష్టం.

కాబట్టి మొదటి అక్షరం అ కాదు, సున్న. బొట్టుబిళ్ళ చుట్టూ సున్న, గాజు లోపల సున్న, గ్లాసు బోర్లించి దాని అంచు వెంబడి సున్న. సున్న మూసుకోవడం అంటే చిన్న విషయం కాదు. బయల్దేరిన చోటికి తిరిగి వచ్చి ఆగాలి. చాలామంది ఆగలేరు, తిరుగుతూనే ఉంటారు, కాగితం చిరిగేదాకా. ఆగడం వచ్చాక, మీద తలకట్టు పెడితే ర. అందులో చుక్క పెడితే ఠ. గొడుగులా వంచి తలకట్టు పెడితే గ. వ వచ్చాక పక్కన తోక తగిలిస్తే మ. అన్నట్టు, వకి కొమ్ము పక్కన పెడితే మ అయి కూర్చుంటుంది కాబట్టే వు రాసేటప్పుడు కొమ్ముని కిందనుంచి తగిలిస్తాం. ఇది మీలో ఎంతమంది గమనించారు? నేను టీచరునయ్యాక గమనించాను.

తలకట్టు గురించి ఒక్క మాట. అది పిల్లలకి భలే ఇష్టం. టీచరు పెట్టే టిక్కు లాగా ఉంటుంది కదా. కొన్నాళ్ళు అన్నిటికీ పెడతారు. ఒక పాప వాళ్ళ కారు బొమ్మ గీసి చక్రాలకి కూడా తలకట్లు పెట్టింది. రెండు రలు దొర్లుతున్నాయి.

పేర్ల దగ్గరికి వస్తాను. పిల్లలు మొట్టమొదట రాయాలనుకునేది తమ పేరు. ఇది ఏ దేశంలో చూసినా అంతే. మనమేమో ఏం పేర్లు పెట్టాం? కృత్విక్. శ్రీనిధి. హృషికేశ్. మీ పాప పేరేంటమ్మా? ఆజ్ఞ్య? చూశారా! జ కింద ఞ ఒత్తు, దాని కింద య ఒత్తు. మూడంతస్తుల మేడ. పెద్దవాళ్ళే తప్పు రాస్తారు. రమ, గగన్ అని పెట్టుకున్నవాళ్ళు బతికిపోయారు. ఏం చెయ్యాలంటే, మొదటి అక్షరం చాలు. మొదటిదే కష్టమైతే తేలికైనవి తీసుకోండి, శ్రీనిధి అయితే న మీద గుడి, ధ మీద గుడి, ఆ రెండు చాలు, శ్రీ సంగతి ఐదేళ్ళు దాటాక చూసుకుందాం. ముద్దుపేరు ఉంటే అది రాయించండి. చింటూ, బుజ్జి, ఏదైనా. చిట్టి చెయ్యి గెలవాలి ముందు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. మీ పిల్ల ఒక రోజు కాగితం మీద ప, ల అని రెండక్షరాలు రాసి తెస్తుంది. దీర్ఘం లేదు, కొమ్ము లేదు. మీరేం చేస్తారు? పెన్ను తీసి ఎర్రగా దిద్దుతారు, "పాలు అంటే ఇట్లా కాదు నాన్నా" అని. దిద్దకండి. "పాలా? ఎన్ని ప్యాకెట్లు తెమ్మంటావు?" అనండి. ఆ పిల్ల మీకు కబురు పంపింది, దానికి బదులివ్వండి. బదులొస్తే ఇంకోటి రాస్తుంది, దిద్దితే ఆ పూటకి ఆగిపోతుంది. చార్ల్స్ రీడ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త 1971లో, ఎవరూ స్పెల్లింగు నేర్పకముందే పిల్లలు సొంతంగా రాసుకున్న మాటల మీద ఒక వ్యాసం రాశాడు. ట్రక్ అనే మాటని కొందరు సి హెచ్ తో మొదలుపెట్టారు. మనం తప్పంటాం. ఆయన విని చూశాడు, ట పక్కన ర వస్తే ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది నిజంగానే చ కి దగ్గరగా పలుకుతుంది. పిల్లలు చెవిన పడ్డది రాశారు. ప, ల రాసిన మీ పిల్ల కూడా అంతే. పాలు అనే మాటని రెండు ముక్కలుగా విన్నది, రెండక్షరాలు పెట్టింది. లెక్క సరిగ్గా ఉంది కదా?

ఈ ముక్కలు వినడానికి తెలుగు చాలా అనువు. క, మ, ల. మూడు చప్పట్లు, మూడక్షరాలు. ఇంగ్లీషులో లోటస్ అంటే చప్పట్లు రెండు, అక్షరాలు ఐదు. మన ర ని ర అనే అంటాం, వాళ్ళ ఆర్ పేరు ఒకటి, పలుకు ఒకటి. అట్లాగని తెలుగు తేలిక అనుకోకండి. గుణింతాలు, ఒత్తులు ముందున్నాయి, అవి ఏడెనిమిదేళ్ళ దాకా నడుస్తాయి. మొదటి మెట్టు మాత్రం మనది ఎత్తు తక్కువ.

అడిగినవి

మూడు లిపుల గురించి అడిగారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రోడ్డు మీద కన్నడం, పిల్లవాడు గందరగోళపడడా అని. చూడ్డానికి మూడూ చూడనివ్వండి, అడ్డుకోకండి. నందిని పాల ప్యాకెట్ మీద కన్నడంలో ఉన్న పేరు ఎంతమంది చదవగలరు? అందరూ చేతులెత్తారు. ఎవరు నేర్పారు మీకు? ఎవరూ నేర్పలేదు. న, సున్న, ది, ని, తలకట్టు ఒక్కటే తేడా, మనకి టిక్కు, వాళ్ళకి అడ్డగీత. 2024లో కర్ణాటకలో కన్నడ భాష చట్టం సవరించాక దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలి కాబట్టి చదువుకోవడానికి ఊరంతా సామాగ్రే. పిల్లల్ని మెట్రోలో తీసుకెళుతూ "ఇక్కడ మన సున్న ఎక్కడుంది?" అని అడగండి. రాయడం మాత్రం ఒకదాని తర్వాత ఒకటి. బడిలో ఇంగ్లీషు అక్షరాలు రాయిస్తుంటే ఇంట్లో తెలుగు కాపీ రాయించి రెండో బడి పెట్టకండి. తెలుగు మాట్లాడండి, చదివి వినిపించండి, పళ్ళెంలో వేలితో రాయనివ్వండి. అక్షరం అంటే మాటకి గుర్తు అని ఒక లిపిలో అర్థమైతే చాలు, రెండో లిపికి అది మళ్ళీ నేర్పక్కర్లేదు.

ఆ నీలం చొక్కా అబ్బాయి అడిగింది బాగుంది. "మీరు వద్దంటారు, బడిలో ఇస్తారు, హోంవర్కు చెయ్యకపోతే డైరీలో రాస్తారు, మధ్యలో మేమేం చెయ్యాలి?" అని. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది. 2022 అక్టోబరులో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆ దశకి ఆటలతో, వస్తువులతో చదువు నడవాలంది. ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ మీదికి వెళ్ళమని నేను చెప్పను, వెళితే మీ పిల్లకే ఇబ్బంది. టీచరు దగ్గరికి వెళ్ళండి, ఒంటరిగా. ఆ అమ్మాయికి నలభైమంది పిల్లలు, పైనుంచి ఒత్తిడి. నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. "మా వాడు ఇంట్లో పది నిమిషాలు రాస్తాడు, ఎంతయితే అంత పంపిస్తాం" అని మెల్లగా చెప్పండి. టైమర్ పెట్టండి. పది నిమిషాలకి మోగితే ఆ గీత సగంలో ఉన్నా మూసెయ్యండి. మిగతా పేజీ మీరు పూర్తిచెయ్యకండి. నవ్వకండి, చేసేవాళ్ళు ఇక్కడే ఉన్నారని నాకు తెలుసు. ఎడమచేత్తో రాసి పంపిన నాన్నగారిని కూడా చూశాను.

ఎడమచేయి అంటే గుర్తొచ్చింది, ఇందాక ఒక అవ్వగారు చెవిలో అడిగారు, మనవరాలు ఎడమచేత్తో రాస్తోంది, మార్పించమంటారా అని. వద్దవ్వా. అన్నం సంగతి మీ ఇంటి ఆచారం, మీ ఇష్టం. రాత మాత్రం ఏ చెయ్యి ముందుకొస్తే ఆ చెయ్యి. కాగితం పైభాగాన్ని కుడివైపుకి కాస్త వంచిపెట్టండి, పెన్సిల్‌ని ముక్కుకి కొంచెం పైన పట్టుకోనివ్వండి, రాసింది తనకి కనబడుతుంది. పక్కపక్కన ఇద్దరు పిల్లలు కూర్చుంటే ఈ పాపని ఎడమ చివర కూర్చోబెట్టండి, మోచేతులు కొట్టుకోవు.

అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తున్నారని చాలామందికి భయం. ఆరేడేళ్ళ దాకా మామూలే. గ్లాసుని ఎటు తిప్పినా గ్లాసే. అక్షరాన్ని తిప్పితే ఇంకొకటైపోతుందని వాడికి ఇంకా అలవాటు కాలేదు. ఐదు నిండాక కూడా క్రేయాన్ ముట్టడానికే ఏడవడం, చెంచా, గుండీ ఏదీ పట్టు దొరక్కపోవడం, రెండు నిమిషాలకే చెయ్యి నొప్పనడం ఉంటే మాత్రం ఊరుకోకండి. పిల్లల డాక్టరుకి చూపించండి, అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులకి చేతుల్ని తయారుచేసే నిపుణుల దగ్గరికి పంపిస్తారు.

కొనమంటారా ఏమైనా అని అడిగారు. మూడువేళ్ళ పెన్సిళ్ళు, రబ్బరు తొడుగులు, రాయించే టాబ్లెట్లు, ఏమీ వద్దు. ఉన్న క్రేయాన్లు విరిచెయ్యండి. నిజంగానే. అంగుళం ముక్కని పిడికిలితో పట్టుకోవడం కుదరదు, మూడు వేళ్ళూ వాటంతట అవే వస్తాయి. పాత పెయింటు బ్రష్, చెంబుడు నీళ్ళు ఇచ్చి బాల్కనీ గోడ మీద రాయమనండి. నిలువు గోడ మీద రాస్తే మణికట్టు వెనక్కి వంగుతుంది, పట్టుకి అదే కావాలి. ఎండకి ఆరిపోతుంది, వాచ్‌మన్ గొడవ కూడా ఉండదు. చపాతీ పిండి ముద్ద ఇవ్వండి, పాముల్లా సాగదీసి సున్నలు చుడతారు. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు వాళ్ళని పెట్టనివ్వండి, వంకర వస్తుంది, రానివ్వండి.

టైమయిందని సైగ చేస్తున్నారు. గిన్నెలు ముందుకి పంపండమ్మా, తొక్కలు ఆ కవర్లో, పప్పు ఈ స్టీలు గిన్నెలో. ఎంతైందో చూద్దాం... పరవాలేదు, ఒక పూట కూరకి సరిపోతుంది. బాబాయిగారూ, మీరు పితికినవి ఏవీ? తినేశారా? పచ్చివి తినకూడదండీ, ఉడకాలి.